పుట్టింటి చీరకు ప్రయాణ కాలం

గుండ్లకొట్టాల,
9 ఫిబ్రవరి 2025

చిరంజీవి రాయప్పకు,

మీ అక్క ఓబులమ్మ దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం. ముందే ఎందుకు చెబుతున్నానంటే, నా ఉత్తరం చూడగానే నువ్వు ఆఖరి వాక్యానికి పరుగెత్తి ఎవరికేమైందోనని వెతుకుతావు. నింపాదిగా మొదటినుంచి చదువు.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటాడు మా ఓబులేష్. నా కడుపున పుట్టాడే గానీ వాడికేం తెలుసు. ముప్పై నాలుగేళ్ళు పీణ్యలో మెషిన్ల మధ్య నిలబడి నువ్వు చెవులు పోగొట్టుకున్నావు. నేను ఫోన్లో అరిస్తే నీకు తప్ప మా వీధిలో అందరికీ వినబడుతుంది. పోయినసారి నా మోకాలి సంగతి నీకు చెప్పబోతే, మర్నాడు పాలు పోసే ఆమె నూనె సీసా తెచ్చిచ్చింది! అందుకే ఈ కాగితం. పైగా అంగన్‌వాడీలో ఇరవై ఆరేళ్ళు పిల్లలచేత అక్షరాలు దిద్దించిన చెయ్యి ఇది, ఊరికే ఉంచితే దురద పెడుతుంది.

మునిలక్ష్మి పోయింది. మా పక్కింటి మునిలక్ష్మే. మీ బావ పోయిన రోజు తన పెట్టెలోంచి కొత్త చీర తీసి నాకు కప్పిన మనిషి. పొద్దున ఆరింటికి ప్రాణం పోతే దీపాలు పెట్టేవేళ దాకా వాకిట్లోనే ఉంచారు. పుట్టింటి చీర కప్పకుండా ఆడమనిషిని సాగనంపకూడదు కదా మన పద్ధతిలో. ఆమె తమ్ముడు చందాపురలో ఉంటాడు. బయలుదేరినా, వస్తాండా అని ఫోన్ల మీద ఫోన్లు. బెంగుళూరు దాటడానికే మూడు గంటలు పట్టిందట పాపం. ఈలోపల వాకిట్లో కూర్చున్నవాళ్ళు అతన్ని అనని మాట లేదు. చీర చంకలో పెట్టుకొని వచ్చినాక అతని ముఖం చూడలేకపోయాను.

సరే, అది అట్లుంచు. నాకు ఒక లెక్క కావాలి. మా మిద్దె మీదనుంచి ఓర్వకల్లు విమానాశ్రయం కనిపిస్తుంది కదా. వారానికి నాలుగు రోజులు మీ బెంగుళూరు విమానం వచ్చి దిగుతుంది. సరిగ్గా పదకొండు దాటి ఆరు నిమిషాలకు. దాన్ని చూసే నేను పప్పు పొయ్యి మీద పెట్టేది. మీ ఊరికీ మా ఊరికీ విమానం దారిన ఎన్ని కిలోమీటర్లు? ఎంతసేపు? కనుక్కొని రాయి. ఎందుకని అడగొద్దు.

కోడలు శైలజను అడిగానని చెప్పు. చెవిమిషను చెవిలో పెట్టుకో, పెట్టెలో కాదు.

మీ అక్క,
ఓబులమ్మ


పీణ్య రెండో స్టేజి, బెంగుళూరు,
20 ఫిబ్రవరి 2025

అక్కా, దండాలు.

విమానం ఎక్కాలని ఉందని నేరుగా రాయొచ్చు కదా! డెబ్బై ఆరేళ్ళు వచ్చినాక తమ్ముడి దగ్గర మొహమాటమేంది? అడగొద్దంటే అడగను గానీ, అర్థం చేసుకోలేనంత మొద్దును కాదు. శైలజ అప్పుడే ముందుగదిలో నీకోసం మంచం కిటికీ పక్కకు జరిపింది.

ముందు నువ్వడిగిన లెక్క. శైలజ ఫోన్లో చూసి చెబుతానంది. వద్దన్నాను. ఎవరో కొలిచింది మనమెందుకు నమ్మాలి? ఆమె బళ్ళో చదివినప్పటి అట్లాసు అటక మీద ఉంటే దించి, నా వెర్నియర్‌తో కొలిచాను. మిల్లీమీటరులో యాభయ్యో వంతు తేడా కూడా చూపించే కొలత అది, దాన్ని మించింది లేదు. దేవనహళ్ళి నుంచి ఓర్వకల్లుకు నలభై ఏడు పాయింట్ ఒకటి ఆరు మిల్లీమీటర్లు. ఆ పటంలో సెంటీమీటరుకు అరవై కిలోమీటర్లు. అంటే రెండువందల ఎనభై రెండు పాయింట్ తొంభై ఆరు కిలోమీటర్లు. రాసిపెట్టుకో. రోడ్డు దారినైతే మూడువందల డెబ్బై దాకా వస్తుంది.

అసలు చిక్కు ఇప్పుడు చెబుతాను. ఈ దారిలో తిరిగేది పంకాలు తిరిగే చిన్న విమానం. గంటకు అయిదువందల కిలోమీటర్లు పోతుందట. ఆ లెక్కన ముప్పై నాలుగు నిమిషాల్లో మీ ఊళ్ళో ఉండాలి. టికెట్లో మాత్రం గంటా పది నిమిషాలు వేస్తారు! మిగతా ముప్పై ఆరు నిమిషాలు ఎక్కడ పోయాయక్కా? మా షాపులో అర్ధగంట తేడా వస్తే ఓనరు గుండెలు బాదుకునేవాడు. రెండు రోజులుగా నాకు అన్నం సయించడం లేదు. "ఎక్కుతాం, దిగుతాం. మధ్యలో లెక్క మనకెందుకు మామయ్యా?" అంటుంది శైలజ. ఈ కాలం పిల్లలకు ఏదీ తెలుసుకోవాలని ఉండదు.

నీ మోకాలికి భయం లేదు. ఆ విమానానికి తలుపు వెనకవైపు ఉంటుందట, మెట్లు కూడా నాలుగో అయిదో. ఎండలు ముదరకముందే రా. ఏ వారం వస్తావో రాస్తే శైలజ టికెట్ తీస్తుంది.

మునిలక్ష్మి పోయిందని చదివి బాధ కలిగింది. మంచి మనిషి.

నీ తమ్ముడు,
వెంకటరాయప్ప


గుండ్లకొట్టాల,
2 మార్చి 2025

ఒరేయ్ రాయప్పా,

నీకు దీవెనలు తర్వాత, ముందు ఒకటి చెప్పు. ఓర్వకల్లులో విమానాశ్రయం వచ్చి నాలుగేళ్ళు. శైలజ బళ్ళో చదివినప్పుడు అక్కడ రాళ్ళు, తేళ్ళు తప్ప ఏమీ లేవు. మరి ఆ అట్లాసులో నీకెట్లా కనబడింది? పెన్సిల్‌తో నువ్వే చుక్క పెట్టుకొని ఉంటావు. ఆ చుక్క అర మిల్లీమీటరు మందమున్నా మూడు కిలోమీటర్లు! నువ్వేమో పాయింట్ తొంభై ఆరు దాకా లాగావు. చదివి వినిపిస్తే, నాపరాళ్ళ ఫ్యాక్టరీకి బయలుదేరిన మా ఓబులేష్ తలుపు పట్టుకొని నవ్వాడు. "మామ చుక్క పెట్టినాక కొలిచినాడా, కొలిచినాక చుక్క పెట్టినాడామ్మా?" అని.

నవ్వుకున్నాంలే గానీ, నీ ముప్పై ఆరు నిమిషాల సంగతి నాకూ పట్టుకుంది. అందులో కొన్ని దొరికాయి. నాలుగు విమానాలు వరసగా గడియారం పెట్టుకొని చూశాను. మొదట మా నల్లకుక్క చెవులు రిక్కిస్తుంది. ఆ తర్వాత నాకు వినబడుతుంది. దక్షిణం నుంచి వస్తుంది, కానీ వచ్చినది వచ్చినట్టు దిగదు. ఇప్పుడు తూర్పుగాలి కదా, పడమరకు పోయి, అక్కడ చుట్టు తిరిగి, గాలికి ఎదురుగా దిగుతుంది. వేసవి చివర పడమటిగాలి మొదలైతే తూర్పుకు పోయి అటునుంచి దిగుతుంది. కల్లంలో తూర్పారబట్టేటప్పుడు చాట ఎత్తబోయే ముందు గాలి ఎటుందో చూసుకునేవాళ్ళం కదా, విమానం తోలేవాడూ అదే చూసుకుంటున్నాడు. ఈ తిరుగుడుకు ఏడు నిమిషాలు. మిగిలిన ఇరవై తొమ్మిదీ మీ బెంగుళూరులోనే పోయి ఉంటాయి, నువ్వే వెతుక్కో.

ఇంతకీ నేను విమానం ఎక్కుతానని నీకెవరు చెప్పారు? మంచం ఉన్నచోటికి జరపమను. రావాల్సింది నేను కాదు, నువ్వు. తెల్లవారుజామున నీకు కబురు అందిందనుకో. అప్పటినుంచి మా ఇంట్లో కాలు పెట్టేదాకా ఎంతసేపు? ఒక విమానాశ్రయం నుంచి ఇంకో విమానాశ్రయానికి కాదు, నీ గడప నుంచి నా గడపకు కావాలి లెక్క. విమానం రాని మూడు రోజుల సంగతి నేను చూసుకుంటాలే.

ఈమధ్య కాస్త ఆయాసంగా ఉండి మిద్దె ఎక్కడానికి ఆలస్యమవుతోంది. ఉంటాను, కుక్క చెవులు రిక్కించింది.

అక్క,
ఓబులమ్మ


పీణ్య,
15 మార్చి 2025

అక్కా,

నువ్వు ఎంత దాచినా నాకు తెలిసిపోయింది. ఉత్తరం చివర ఆయాసమని ఒక్క ముక్క రాసి కుక్క మీదికి మాట మార్చావు. గుండె సంగతి ఇట్లా దాస్తారా ఎవరైనా? కబురు అందితే నేనొచ్చి నిన్ను ఇక్కడికి తీసుకురావడానికి ఎంతసేపు పడుతుందని, అదే కదా నువ్వడిగేది? మొదటి ఉత్తరంలోనే చెప్పి ఉంటే ఈపాటికి నిన్ను చూపించి ఉండేవాణ్ణి. మారతహళ్ళిలో శైలజ ఆఫీసు పక్కన గుండె డాక్టరు ఉన్నాడు. ఇరవై ఎనిమిదో తేదీకి నీ పేరు రాయించింది. నేను ఇరవై ఆరున వస్తాను. బట్టలు సర్దుకో.

లెక్క మాత్రం వదల్లేదు. మా వీధిలో సొన్నప్ప అని ఉన్నాడు, ఎయిర్‌పోర్టుకు కారు తోలతాడు. కోలారు వైపు తెలుగువాళ్ళు, నాలుగు తరాల కింద వచ్చి ఇక్కడే ఉండిపోయారు. అతన్ని అడిగితే ఒక్క నిమిషంలో తేల్చేశాడు.

"విమానం గాల్లో ఉండేది ముప్పావు గంటేనప్పా. మిగతాదంతా నేల మీదనే ఉండేది. తలుపు మూసినాక పోయి లైన్లో నిలబడతాది. ముందర నాలుగు దొడ్డ విమానాలుంటే ఇది అట్లే కాచుకోని ఉండల్ల. మన హెబ్బాళ ఫ్లైఓవర్ మాదిరేనప్పా, పైన చూసేదానికే ఆకాశం."

అది విన్నాక నాకు ఇన్నేళ్ళ నా పని గుర్తొచ్చి నవ్వొచ్చింది. లేత్ మీద ఒక షాఫ్టు తిప్పడానికి పది నిమిషాలు. కానీ దాన్ని బిగించి, మధ్యకు తెచ్చి, టూలు సరిచేసి, కొలతలు చూసుకోవడానికి ముప్పావు గంట. ఒకటి కటింగ్ టైము, ఇంకొకటి సెట్టింగ్ టైము. చూసేవాళ్ళకు ఇనుము చుట్టలు చుట్టలుగా రాలే పది నిమిషాలే పనిలాగా కనబడతాయి. విమానం కూడా అంతేనక్కా. ఎగరడం కటింగ్. మిగతాదంతా సెట్టింగ్. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నెల పట్టింది నాకు.

మందులేమైనా వాడుతుంటే చీటీలు తెచ్చుకో. ఒంటరిగా మిద్దె ఎక్కొద్దు.

రాయప్ప


గుండ్లకొట్టాల,
21 మార్చి

రాయప్పా,

డాక్టరు దగ్గర నా పేరు కొట్టించు. ఇరవై ఆరున రావొద్దు. నా ఆయాసం మిద్దె మెట్లది, గుండెది కాదు. ఇక్కడి డాక్టరమ్మ చూసి బరువు తగ్గమంది, అంతే.

మొద్దును కాదన్నావు కదా, అయితే విను. నేను పోయిన రోజు, నీ చీర కోసం నన్ను వాకిట్లో ఎంతసేపు ఉంచుతారు? అదీ నేనడిగింది! ఎండలో ఉంచుతారని భయం కాదు, అప్పటికి నాకేం తెలుస్తుంది. కూర్చున్నవాళ్ళ నోళ్ళంటే భయం. మీ బావ పోయిన రోజు పుట్టింటివాళ్ళు నాకు చీర కప్పాల్సిన వేళకు నువ్వు రాలేదు. మా తోడికోడలు అందరి ముందూ "దీనికి పుట్టిల్లుండాదా, లేదా?" అనింది. ఆ మాట నన్నంటే పడ్డాను. రేపు నిన్నంటే, లేచి కూర్చొని జవాబు చెప్పడానికి నాకు వీలుండదు.

మన ఊళ్ళో మనవాళ్ళెవరూ మిగల్లేదు. నాకు పుట్టిల్లంటే పీణ్యలో నీ రెండు గదులే. ఎంతసేపో కచ్చితంగా తెలిస్తే ఓబులేష్‌కు చెప్పిపెడతాను, ఇన్ని గంటలు ఆగండి, అప్పటిదాకా ఎవరూ మా మామను ఒక్క మాట అనొద్దని చెప్పరా అని. ఇంతే సంగతి. ఇందులో ఏడవడానికి ఏమీ లేదు.

అక్క


పీణ్య,
6 ఏప్రిల్ 2025

అక్కా,

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. మొదటి రెండు రోజులు నీ మీద కోపంతో అన్నం తినలేదు. బతికున్న మనిషి ఇట్లాంటి లెక్కలు అడుగుతుందా ఎక్కడైనా? మూడో రోజు నుంచి కోపం నా మీదికి తిరిగింది. ఎందుకో రాస్తాను. నేరుగా ఎదురుగా కూర్చొని చెప్పడం నావల్ల కాదు, అందుకే కాగితం మీద.

బావ పోయిన రోజు పెనుకొండ దగ్గర బస్సు టైరు పేలిందని చెప్పాను కదా. పేలలేదు. పదకొండేళ్ళుగా నువ్వు నమ్మిన ఆ మాట అబద్ధం. నాకు కబురు పొద్దున ఏడింటికే అందింది. అప్పటికే షాపులో ఉన్నాను. మెషిన్ మీద షాఫ్టు బిగించి ఉంది. బయట లారీ నిలబడి ఉంది. "మూడు షాఫ్టులుండాయి, అవి అయిపోతే పోదువు" అన్నాడు ఓనరు. బలవంతం కూడా చెయ్యలేదక్కా. వద్దని ఒక్క మాట అనుంటే పొమ్మనేవాడే. నేనే అనలేదు. మూడే కదా అనుకున్నాను. చేతిలో ఉన్న పని సగంలో వదిలితే మనసు ఒప్పదు నాకు. ఆ మూడూ అయ్యేసరికి పదింటికి దగ్గరపడింది. అంగడికి పోయి చీర తీసుకొని బస్సెక్కేసరికి పదకొండు. నేను దిగేసరికి అంతా అయిపోయింది. మునిలక్ష్మి చీర కప్పుకొని నువ్వు గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నావు.

ఆ మూడు షాఫ్టులూ సరిగ్గా కొలతకు వచ్చాయి. ఒక్కటి కూడా తిరిగి రాలేదు. ఆ సంగతి ఇప్పటికీ గుర్తుంది నాకు, చూడు ఎట్లాంటివాణ్ణో. మీ తోడికోడలు అన్న మాట న్యాయమే.

నువ్వడిగిన లెక్క ఇప్పుడు నా దగ్గర లేదు. అంచనా వేసి రాయను. ఈసారి తప్పు లెక్క ఇవ్వను.

వెంకటరాయప్ప


పీణ్య,
24 మే 2025

అక్కా, దండాలు.

క్షేమంగా చేరాను. నువ్వు కట్టిచ్చిన జొన్నరొట్టెలు శైలజ నాకు ఒక్కటే మిగిల్చింది.

నా ఏప్రిల్ ఉత్తరానికి జవాబు వస్తుందని నెలన్నర చూశాను. రాలేదు. సరే, నువ్వడిగిన లెక్కైనా ఇద్దామని చెప్పాపెట్టకుండా వచ్చాను. మీ ఇంట్లో ఉన్న మూడు రోజులూ ఆ ఉత్తరం మాట నువ్వు ఎత్తలేదు, నాకూ ధైర్యం రాలేదు. కాబట్టి లెక్క వరకే రాస్తాను.

చీర చేతిలోకి తీసుకున్న నిమిషం నుంచి గడియారం చూశాను. ఆదివారం పొద్దున ఆరూ ఇరవై. సొన్నప్ప కారు వాకిట్లో సిద్ధంగా ఉంది. ఆదివారమైనా హెబ్బాళ దగ్గర ఇరవై రెండు నిమిషాలు నిలబడ్డాం. లోపల తనిఖీ దగ్గర ఒక పిల్ల నా సంచి తెరిచి చీర మడత విప్పింది. ఏదో అడిగింది, నాకు వినబడలేదు. మళ్ళీ చెవి దగ్గరకు వచ్చి "యారిగె అజ్జా?" అంది. అక్కకు అన్నాను. ఏం సంతోషమని అడుగుతుందేమోనని భయపడ్డాను గానీ, అడగలేదు. ఎట్లా ఉందో అట్లాగే మడతపెట్టి ఇచ్చింది. చిక్కుపేటలో కొన్నప్పుడు అంగడివాడు మాత్రం అడిగాడు, పెళ్ళికా, సీమంతానికా అని. నేను నోరు తెరవకముందే శైలజ "మా అత్తమ్మ కట్టుకునేదానికి" అని కనకాంబరం రంగుది తీసింది. ఈ వయసులో ఆ రంగేమిటని నువ్వు తిట్టినందుకు నా పూచీ లేదు.

విమానం దగ్గరికి పోయాక కాసేపు లెక్క మర్చిపోయానక్కా. పంకాకు ఆరు రెక్కలు. ఒక్కొక్కటి నా ఎత్తుకు దగ్గరగా ఉంటుంది. ఆరింటినీ సమానంగా తూచి బిగించినవాడు ఎవడో గానీ వాడి చేతికి మొక్కాలి. కదిలినప్పుడు కిటికీ అద్దం మీద గోరు పెట్టి చూశాను, వణుకే లేదు. సొన్నప్ప చెప్పినట్టే లైన్లో నిలబడ్డాం, మాది అయిదో నంబరు. చక్రాలు నేల వదిలింది పదీ ఇరవై నాలుగుకు. మళ్ళీ నేల తాకింది పదకొండూ పదికి. నలభై ఆరు నిమిషాలు. అక్కడినుంచి ఆటో దొరికి నీ గడపలో కాలు పెట్టేసరికి పదకొండూ యాభై ఎనిమిది. మొత్తం అయిదు గంటల ముప్పై ఎనిమిది నిమిషాలు. అందులో కటింగ్ ముప్పావు గంట, మిగతా అయిదు గంటలూ సెట్టింగే. బస్సు కంటే నాలుగు గంటలు మేలు. విమానం లేని రోజైతే సొన్నప్ప కారు తోలతానని మాటిచ్చాడు. ఇది చేత్తో కొలిచిన లెక్క, పెన్సిల్ చుక్క లేదు. ఓబులేష్‌కు చెప్పుకో.

ఒకటి మాత్రం నాకు తీరలేదు. పైనుంచి నీ మిద్దె చూడాలని కుడి పక్క కిటికీ అడిగి మరీ కూర్చున్నాను. గుట్టలు, రాళ్ళు, బూడిదరంగు మిద్దెలు, అన్నీ ఒకేలాగున్నాయి. ఏది నీదో తెలియలేదు. మెడ నొప్పి మాత్రం ఇంకా ఉంది.

ఇంకో మాట. చీర పట్టుకొని వాకిట్లో నిలబడ్డ నన్ను చూసి నువ్వు అన్న మొదటి మాట, "ఎవరు పోయినార్రా?" అని. ఎవరూ పోలేదు, టైము చూసేదానికి వచ్చినా అంటే, చేతిలో చాట పడేసి పడీ పడీ నవ్వావు. అట్లా నవ్వడం నేను చూసి ఎన్నేళ్ళయిందో లెక్క వేశాను. అది ఇక్కడ రాయను.

నీ తమ్ముడు,
రాయప్ప


గుండ్లకొట్టాల,
2 జూన్ 2025

చిరంజీవి రాయప్పకు,

అక్క దీవెనలు. లెక్క అందింది. మంచి లెక్క. ఇప్పుడు నా లెక్క విను.

ఆ ఆదివారం నేను మిద్దె మీదే ఉన్నాను. విమానం నాలుగు నిమిషాలు ఆలస్యంగా దిగింది. పొయ్యి మీద ఎసరు కాగిపోతోందని దాన్ని తిట్టుకున్నాను కూడా, అందులో నువ్వున్నావని తెలియక. తెలిసి ఉంటే ఇంకా ఎక్కువ తిట్టేదాన్నేమో!

ఇక నీ ఏప్రిల్ ఉత్తరం. జవాబు ఎందుకు రాయలేదంటే, ఏం రాయాలో తెలియక కాదు. బస్సు టైరు పేలలేదని నాకు ఆ రోజే తెలుసు. నువ్వు వచ్చి నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చావు కదా. నీ తల నిమురుతుంటే వేలికి సన్నటి ఇనుప ముక్క గుచ్చుకుంది. జుట్టు నిండా రజను. చేతులు నూనె వాసన. దారిలో బస్సు చెడితే తలలో ఇనుము ఎందుకుంటుంది? మెషిన్ దగ్గర్నుంచి నేరుగా వచ్చావని అప్పుడే అర్థమైంది. వీడు మొహం కూడా కడుక్కోకుండా వచ్చాడు, ఎన్ని గంటలు ఏ పని ముగించి వచ్చాడో, అనుకున్నాను. కోపం రాలేదని చెప్పను. వచ్చింది. ఒక సంవత్సరం ఉంది. అబద్ధం చెప్పుకొని నువ్వు నాకంటే ఎక్కువ కష్టపడుతున్నావని తెలిశాక పోయింది. నువ్వు చెబుతావని పదేళ్ళు చూశాను రా. ఇప్పుడు చెప్పావు, అయిపోయింది. ఆ మూడు షాఫ్టులూ ఇక దించెయ్యి.

నువ్వు వెళ్ళిన మర్నాడు చీర తీసుకొని మా తోడికోడలి దగ్గరికి పోయాను. ఎనభై దాటాయి ఆమెకు, చూపు సరిగా లేదు. చేతిలో పెట్టి, "నా పుట్టింటి చీర వచ్చింది అక్కా, చూసుకో" అన్నాను. అంచు వేళ్ళతో తడిమి తడిమి, "మంచి చీరే తెచ్చినాడు మీ తమ్ముడు. ఎప్పుడొచ్చినాడు?" అనింది. ముందే వచ్చినాడు అన్నాను. ఆమె చేతిలోంచి చీర చాలాసేపు వదల్లేదు.

ఓబులేష్‌కు చెప్పేశాను. నా రోజు వచ్చినప్పుడు ఎవరికోసమూ నన్ను వాకిట్లో ఉంచొద్దు, పుట్టింటి చీర ముందే వచ్చింది, అడిగినవాళ్ళకు పెట్టె తెరిచి చూపించు అని. "మామ?" అన్నాడు. మీ మామ నింపాదిగా వస్తాడు, దారిలో ఎవరూ తొందరపెట్టొద్దు, అన్నం వేడిగా పెట్టు అన్నాను.

అయితే చీర పెట్టెలో లేదు. అంత మంచి రంగు పెట్టెలో పెట్టడానికి మనసు రాలేదు. శుక్రవారం కట్టుకున్నాను. వీధంతా చూసింది, అడిగినవాళ్ళందరికీ చెప్పాను. శైలజ కంటికి దిష్టి తియ్యాలి, ఈ వయసులో కూడా నాకు నప్పింది. దాని మీద పప్పు కూడా ఒలకబోసుకున్నాను.

ఇప్పుడు పడమటిగాలి. విమానం తూర్పు నుంచి దిగుతోంది. మా ఊరు దానికి ఎడమ పక్క పడుతుంది. నువ్వు కుడి పక్క కూర్చొని మెడ తిప్పుకున్నావు పిచ్చోడా, నేను ఇటు వైపు నిలబడి ఉంటే. ఈసారి ఎడమ కిటికీ అడుగు. వానలు పోయి తూర్పుగాలి మళ్ళాక వస్తే మాత్రం కుడి పక్కే, మర్చిపోకు.

చీర ఉతికి మిద్దె మీద ఆరేశాను. ఈ చుట్టుపక్కల ఆ రంగు ఇంకొకటి లేదు, పైనుంచి చూసినా కనబడుతుంది. విమానం వచ్చే నాలుగు రోజులూ ఆరేస్తాను. ఎప్పుడొస్తావో రాయకపోయినా పర్వాలేదు.

మీ అక్క,
ఓబులమ్మ